మూడో తరగతి పుస్తకంలో ఒక అబద్ధాలకోరుకు చోటివ్వండి

రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ సంస్థలో ప్రాథమిక తరగతుల పాఠ్యపుస్తకాలు తయారుచేసే పెద్దలకు,
హైదరాబాద్.

నమస్కారం.

నేను మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో సెకండరీ గ్రేడ్ టీచర్‌ని. ఇద్దరం టీచర్లం, అయిదు తరగతులు, 43 మంది పిల్లలు. ఎదుటివాడు చెప్పే అబద్ధాన్ని ఎలా పట్టుకోవాలో నేర్పే పాఠం మూడో తరగతి నుంచే పెట్టమని అడగడానికి రాస్తున్నాను. ఈ ఉత్తరం ఆఫీసు ద్వారా పంపొచ్చు. కానీ కింది నుంచి పైకి పోయే కాగితాలు ఎక్కడ ఆగుతాయో మీకూ తెలుసు, నాకూ తెలుసు. అదీగాక ఇందులో తల్లిదండ్రులు, తోటి టీచర్లు చదవాల్సిన మాటలు కొన్ని ఉన్నాయి. అందుకే నలుగురి ముందూ పెడుతున్నాను.

పోయిన ఏడాది దసరా సెలవులయ్యాక మా నాలుగో తరగతి పిల్లాడొకడు బడికి రాలేదు. జ్వరమేమో అనుకున్నాను. నాలుగో రోజు వాళ్ల ఇంటికి పోతే వాడు మంచం కిందికి దూరాడు. సంగతి వాళ్లమ్మ చెప్పింది. ఫోన్‌లో తుపాకుల ఆట ఆడుతుంటే ఎవరో మెసేజ్ పెట్టారట. "తమ్మీ, డైమండ్లు ఫ్రీగా ఇస్త, ఈ బొమ్మ స్కాన్ చేసి పిన్ కొట్టు" అని. డైమండ్లంటే ఆ ఆటలో చెల్లే డబ్బులాంటివి. పిన్ వాడికెలా తెలుసు అంటారా? కిరాణా కొట్టులో, మందుల షాపులో వాళ్ల నాన్న తరఫున డబ్బులు కొట్టేది వాడే. నాన్నకు అక్షరాలు రావు. పత్తికి మందు కొనడానికి దాచుకున్న 3,500 రూపాయలు పోయాయి. వాడి వీపు మీద వాతలు తేలాయి.

బయటికి పిలిచి కూర్చోబెట్టుకుంటే వాడు ఏడవలేదు. ఒకటే మాట మళ్లీ మళ్లీ అన్నాడు. "అన్న మంచిగనే మాట్లాడిండు టీచర్."

"వాడు అన్న కాదురా" అన్నాను.

"మరి తమ్మీ అన్నడు గద?"

నా దగ్గర జవాబు లేదు. ఆ రోజు నుంచి ఈ ఉత్తరం నా మనసులో నలుగుతోంది.

మనం పిల్లలకు వావి వరసలు ఎంత శ్రద్ధగా నేర్పుతామో చూడండి. ఆటో నడిపే ఆయన మామ, కూరగాయలమ్మే ఆమె అవ్వ, బడి ముందు ఐస్ అమ్మే అబ్బాయి అన్న. పేరు పెట్టి పిలిస్తే తప్పు. మంచి అలవాటే, కాదనను. కానీ 'కొత్తవాళ్లతో మాట్లాడొద్దు' అనే మన హెచ్చరిక ఇక్కడే చిత్తయిపోతోంది. ఫోన్‌లో తమ్మీ అని పిలిచినవాడు పిల్లాడి లెక్కలో కొత్తవాడు కాడు, మూడు రోజులు కలిసి ఆడితే దోస్తు కూడా అవుతాడు. కొత్తవాళ్లంటే వాడి మనసులో ఉన్న బొమ్మ వేరు. గోనెసంచి పట్టుకుని, గడ్డం పెంచుకుని, ఊరి బయట తిరిగేవాడు. ఆ బొమ్మ మనం ఇచ్చిందే.

ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. ఆ ఫోన్ ఇంట్లోకి రావడంలో మా చెయ్యి ఉంది. 2020లో కరోనాకు బడులు మూతపడి, సెప్టెంబర్ 1 నుంచి టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి టీవీ ఛానళ్లలో పాఠాలు మొదలైనప్పుడు ఇల్లిల్లూ తిరిగి "టీవీ లేకపోతే ఫోనన్నా చూడండి" అని చెప్పింది మేమే. అప్పు చేసి కొన్నవాళ్లున్నారు. పాఠం కోసం ఫోన్ ఇప్పించాం. ఆ ఫోన్ గురించిన పాఠం మాత్రం చెప్పలేదు.

ఇప్పుడు పుస్తకాల సంగతి. తెలుగు వాచకంలోనైనా, ప్రార్థన సమయంలో చెప్పే నీతికథల్లోనైనా అబద్ధం గురించి పిల్లలు వినేది ఒక్కటే: నువ్వు అబద్ధం ఆడకు. 'నాన్నా పులి' కథలో అబద్ధమాడినవాడు దెబ్బతింటాడు. ఆవు-పులి కథలో నిజం చెప్పిన ఆవు బతికి బయటపడుతుంది. రెండూ మంచివే. అయితే రెండింట్లోనూ పిల్లవాడు నిలబడేది మాట చెప్పేవాడి పక్కన. మాట వినేవాడి పక్కన ఎవరు నిలబడతారు? నీతో ఎవరైనా అబద్ధమాడితే దాన్ని ఎలా పట్టుకోవాలి అని అడిగే పాఠం నా పద్దెనిమిదేళ్ల సర్వీసులో నేను చెప్పలేదు.

మన దగ్గర అలాంటి కథ లేకపోలేదు. ముసలి పులి చేతిలో దర్భ, బంగారు కంకణం పట్టుకుని చెరువు గట్టున కూర్చున్న కథ మీకు తెలిసిందే. "నేను మారిపోయాను, స్నానం చేసి వచ్చి దానం పట్టు" అంటుంది. బాటసారి బురదలో దిగబడతాడు. ఇవాళ ఫోన్‌లో జరిగే మోసం పూసగుచ్చినట్టు ఇందులో ఉంది. ఎర ఉంది, భక్తి వేషం ఉంది, 'ముందు నువ్వు ఈ చిన్న పని చెయ్యి' అనడం ఉంది. కానీ కథ చివర మనం అడిగే ప్రశ్న ఏమిటి? 'ఈ కథలో నీతి ఏమి?' జవాబు: దురాశ దుఃఖానికి చేటు. అంటే తప్పంతా బాటసారిదే, పులిని అడిగేవాడు లేడు. మా నాలుగో తరగతి పిల్లాడి వీపు మీద తేలింది కూడా ఆ నీతే.

ఆ ప్రశ్న మార్చండి. 'పులి చెప్పింది నిజమో కాదో బాటసారి ఎలా తెలుసుకోవచ్చు?' అని అడగండి. మా అయిదో తరగతిలో నేను అడిగి చూశాను. "ఆ పులి ఇంతకుముందు ఎవ్వరికన్న దానమిచ్చిందా అని అడగాలె" అని ఒకడు. "కంకణం ఇటు విసిరెయ్యమనాలె" అని ఇంకొకడు. "ఇంటికిపోయి అమ్మను తోల్కొస్త అని చెప్పాలె, పులి ఏమంటదో చూడాలె" అని ఒక పాప. సైబర్ నేరాల మీద ఒక పూట శిక్షణకు కూర్చున్నప్పుడు కూడా నేను ఇంత సూటిగా ఉన్న మాట వినలేదు.

ఎంత చిన్న వయసు నుంచి మొదలుపెట్టాలి అన్న అనుమానం రావడం సహజం. 2010లో వర్జీనియా విశ్వవిద్యాలయంలో విక్రమ్ జస్వాల్, ఆయన తోటివాళ్లు మూడేళ్ల పిల్లలతో ఒక ప్రయోగం చేశారు. రెండు కప్పులు పెట్టి, ఒకదాని కింద స్టిక్కరు దాచి, ఒక పెద్దమనిషి చేత కావాలని తప్పు కప్పు పేరు చెప్పించారు. ప్రతిసారీ మోసపోతున్నా పిల్లలు మళ్లీ మళ్లీ ఆ మనిషి మాటే నమ్మారు. అదే తప్పును నోటితో చెప్పకుండా కప్పు మీద బాణం గుర్తు పెట్టి చూపిస్తే మాత్రం ఆ గుర్తును నమ్మకూడదని నేర్చుకున్నారు. అంత చిన్నప్పుడు వాళ్లు కట్టుబడేది మనిషి నోటి మాటకు. అది తెలివితక్కువతనం కాదు, మాట నమ్మకపోతే వాళ్లు మాటలే నేర్చుకోలేరు. నాలుగేళ్లు దాటేసరికి ఎదుటివాడి మనసులో ఉన్నది వేరు, నిజం వేరు కావచ్చని తెలియడం మొదలవుతుంది. బడికి వచ్చే వయసు పిల్లలు వాళ్లే అబద్ధాలాడతారు, బలపం విరిచింది పక్కవాడే అని మొహం మీదే చెబుతారు. అంటే సరుకు సిద్ధంగానే ఉంది. మూడో తరగతి తొందరేమీ కాదు. నన్నడిగితే ఆలస్యమే.

దీనికి కంప్యూటర్ ల్యాబు అక్కర్లేదు, ఫోన్ కూడా అక్కర్లేదు. నేను చేసింది చెబుతాను.

చీటీల ఆట మీరూ ఆడే ఉంటారు. రాజు, రాణి, మంత్రి, పోలీసు, దొంగ. చీటీలు ఎగరేసి తలా ఒకటి తీసుకున్నాక పోలీసు దొంగను పట్టాలి. మా పిల్లలు దీంట్లో ఆరితేరారు. "గాడు నవ్వుతుండు, గాడే" అంటారు. "చీటి చూసినంక మింగుడు పడలేదు టీచర్, మొఖం చూడుండ్రి" అంటారు. పది ఆటల్లో ఏడుసార్లు దొంగ దొరికాడు. మర్నాడు కిటికీ నుంచి తలుపు దాకా ఒక దుప్పటి కట్టాను. పోలీసు ఇవతల, మిగతా నలుగురు అవతల. మాట్లాడకూడదు. ప్రశ్న అడిగితే పలక మీద జవాబు రాసి పంపాలి. 'నువ్వు దొంగవా?' అని అడిగితే నాలుగు పలకల మీదా ఒకటే వచ్చింది: కాదు. పదిలో రెండుసార్లు దొరికాడు, అదీ గుడ్డిగా.

మూడో తరగతి పాప ఒకతి గట్టి పిండం. అక్షరాలు చూసి పట్టేసింది. "ఈ 'ద' గాడే ఇట్ల రాస్తడు టీచర్" అంది. క్లాసంతా చప్పట్లు. తర్వాత తనే ఆలోచించి, "మరి ఫోన్‌ల చేతిరాత ఉండదు గద?" అంది. నేను ఒక్క ముక్క చెప్పలేదు. నలభై నిమిషాల పాఠం ఆ పాప నోట వచ్చింది.

దాని వెంబడే ఇంకో ప్రశ్న వేశాను. మీలో ఎవరెవరు ఫోన్‌లో అబద్ధం చెప్పారు? మొదట అందరూ బుద్ధిమంతులే. కాసేపటికి ఒక చెయ్యి లేచింది, తర్వాత పది లేచాయి. పుట్టిన సంవత్సరం అడిగితే 2000 అని కొట్టారట! ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ 13 ఏళ్లు నిండనివాళ్లకు కాదు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్ల లోపువాళ్లందరినీ పిల్లలుగానే లెక్కగట్టి, వాళ్ల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటోంది. చట్టం చెప్పేది చెబుతుంది, ఎనిమిదేళ్ల వేలు 2000 మీద నొక్కుతుంది. కొన్ని ఇళ్లలో ఆ వేలు అన్నదో నాన్నదో. ఇందులో కోప్పడేదేమీ లేదు, పాఠానికి ఇంతకన్నా మంచి దారి దొరకదు. "నువ్వు ఎనిమిదేళ్లవాడివి, ఇరవై అయిదు దాటాయని చెప్పావు, ఫోన్ నమ్మింది. మరి నలభై ఏళ్లవాడు పదేళ్లని చెబితే?" అన్నాను. క్లాసు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. 'మోసగాళ్లున్నారు జాగ్రత్త' అని వందసార్లు చెప్పినా రాని నిశ్శబ్దం అది.

ఈ మధ్య అయిదో తరగతి పాప ఒకతి వచ్చి, ఆటలో పరిచయమైన "అక్క" ఏడో తరగతి చదువుతోందని, స్కూల్ డ్రెస్‌లో ఫొటో పంపమని అడిగిందని, అమ్మకు చెప్పొద్దన్నదని చెప్పింది. ఫొటో పంపలేదు. ఎందుకు పంపలేదు అంటే, "ఏడో తరగతి అక్కకు నా ఫొటో ఎందుకు టీచర్?" అంది. ఆ అక్క నిజంగా ఏడో తరగతి పిల్లో, ఇంకెవరో మాకు తెలియదు. వాళ్ల నాన్న ఆ నంబరు బ్లాక్ చేశాడు, అంతే. కానీ ఆ మాట పట్టుకుని రహస్యాల గురించి మాట్లాడుకున్నాం. 'అమ్మకు చెప్పకు' అని ఎవరన్నా అంటే అమ్మకు చెప్పాల్సిన మొదటి మాట అదే అన్నాను. ఒకడు వెంటనే లేచాడు. "మా అన్న బర్త్‌డేకు కేకు తెచ్చినప్పుడు గూడ చెప్పొద్దన్నరు, అది గూడ మోసమేనా?" పిల్లలకు పాఠం చెప్పడంలో ఉన్న సుఖం ఇదే, మన మాటలో చిల్లు వాళ్లకు వెంటనే కనపడుతుంది. చాలాసేపు కిందామీదా పడి మేము తేల్చుకున్నది: కేకు రహస్యానికి తారీఖు ఉంటుంది. ఆ రోజు దాటితే అందరికీ తెలిసిపోతుంది. ఎప్పటికీ చెప్పొద్దనేది వేరే రకం.

మంచి స్పర్శ, చెడు స్పర్శ మనం చెబుతున్నాం. మొదట్లో ఆ పేజీ రాగానే గబగబా చదివేసి తిప్పేసిన టీచర్లలో నేనూ ఉన్నాను. మెల్లగా నోరు అలవాటుపడింది. ఇదీ అలాగే అవుతుంది. కాకపోతే ఆ పాఠంలో ఉన్న ముఖ్యమైన మాట, 'తప్పు నీది కాదు' అన్నది ఇక్కడ కూడా ఉండాలి. ఎందుకో చెబుతాను, ఇందులో డబ్బు లెక్క కూడా ఉంది. ఆన్‌లైన్‌లో డబ్బు పోతే 1930కి ఫోన్ చేయాలి. ఆ నంబరు వెనక ఉన్న ఏర్పాటు ఏమిటంటే, దొంగ ఖాతాలో నుంచి డబ్బు ఇంకో ఖాతాకు, అక్కడి నుంచి మరోదానికి దాటిపోకముందే బ్యాంకులకు చెప్పి ఆపించడం. ఎంత తొందరగా చేస్తే అంత ఆశ. మా పిల్లాడు దెబ్బలకు భయపడి రెండు రోజులు దాచాడు. ఆ రెండు రోజుల భయం మోసగాడికి ఎంత పనికొచ్చిందో వాళ్ల నాన్నకు వివరించాను. ఆయన తల దించుకున్నాడు. నేనూ పిల్లల్ని కొట్టని దాన్నేమీ కాను ఒకప్పుడు, కాబట్టి ఎక్కువ మాట్లాడలేదు.

ఆ పిల్లాడికి నేను నేర్పింది ఒకే వాక్యం: డబ్బులు రావడానికి పిన్ కొట్టక్కర్లేదు, పోవడానికే కొట్టాలి. వాడు దాన్ని ఇంట్లో తాతకు, పక్కింట్లో చిన్నమ్మకు చెప్పాడు. అక్షరాలు రాని ఇళ్లలో ఫోన్ నడిపేది పిల్లలే. వాళ్లకు నేర్పితే ఇల్లంతా నేర్చుకుంటుంది. హైస్కూలు పిల్లలకు అవగాహన సదస్సులు పెడుతున్నారు, సంతోషం. మా దాకా ఎవరూ రారు. చిన్నపిల్లలకు ఎందుకు అంటారు.

2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో పుకార్లు లేచినప్పుడు మన జోగులాంబ గద్వాలలో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి కానిస్టేబుళ్లను ఊళ్లకు పంపి, డప్పు కొట్టించి, పాటలు కట్టించి అది అబద్ధమని చెప్పించారు. వేరే రాష్ట్రాల్లో అవే పుకార్లు నమ్మి అమాయకులను కొట్టి చంపిన రోజులవి. డప్పుతో ఊరి పెద్దలకు చెప్పగలిగిన సంగతి పలక మీద పిల్లలకు చెప్పలేమా? అదే ఏడాది కేరళలో కన్నూరు జిల్లా కలెక్టర్ మీర్ మహమ్మద్ అలీ 'సత్యమేవ జయతే' పేరుతో ప్రభుత్వ బడుల్లో తప్పుడు వార్తలను గుర్తుపట్టే తరగతులు పెట్టించారు. అంతకుముందు సంవత్సరం తట్టు టీకా మీద వచ్చిన పుకార్లకు తల్లిదండ్రులు పిల్లలకు సూది వేయించడానికి జంకడంతో పుట్టిన ఆలోచన అది.

ఇక నేను అడిగేది. కొత్త సబ్జెక్టు వద్దు, మొయ్యలేం. మూడు, నాలుగు, అయిదు తరగతుల పరిసరాల విజ్ఞానంలో ఒక్కో పాఠం, తెలుగులో పులి-కంకణం లాంటి ఒక కథ చాలు. బొమ్మల్లో మోసగాణ్ని నల్ల ముసుగుతో గీయకండి. నవ్వుతున్న అక్క, క్రికెట్ టోపీ పెట్టుకున్న తమ్ముడు, పూలదండ ఉన్న స్వామి, వీళ్లలో ఎవరన్నా కావచ్చని గీయండి. చుట్టుపక్కల బడుల టీచర్లం కలిసే కాంప్లెక్స్ మీటింగులో మాకు ఒక పూట ఇవ్వండి, పవర్‌పాయింట్ చూపించకుండా ఆట ఆడించండి. మరో విన్నపం, దీనికి మార్కులు పెట్టకండి. పెట్టారంటే వారం తిరక్కుండా గైడు వస్తుంది, 'ఆన్‌లైన్ మోసములు నాలుగు వ్రాయుము' అని పిల్లలు వల్లెవేస్తారు, సాయంత్రం ఇంటికి పోయి పిన్ కొడతారు.

చిన్నపిల్లల మనసులో అనుమానం నింపుతారా అని మా హెడ్‌మాస్టర్ సార్ అడిగారు. ఆయన మంచి మనిషి, ప్రశ్నా మంచిదే. దుప్పటి ఆట ఆడిన పిల్లలు ఒకరినొకరు నమ్మడం మానలేదు సార్. ఎవరిని ఎందుకు నమ్ముతున్నారో చెప్పడం నేర్చుకున్నారు. ఇప్పుడు నేను చెప్పింది కూడా "నీకెట్ల తెలుసు టీచర్?" అని అడుగుతున్నారు. అది కొంచెం ఇబ్బందే, ఒప్పుకుంటాను.

పోయిన వారం మా టీచర్ల వాట్సాప్ గ్రూపులో జాతీయ రహదారి మీద సింహం నడుస్తున్న వీడియో వచ్చింది. నిజమేననుకుని పిల్లలకు చూపించాను, జంతువుల పాఠం నడుస్తోంది కదా అని. 'ద' అక్షరం పట్టుకున్న పాప మూడుసార్లు చూసి, "సింహం కాళ్ల కింద నీడ లేదు టీచర్, ఆటో పక్కకెళ్లి పోతుంది కానీ ఆటో ఆయన తల గూడ తిప్పలే" అంది. ఏఐతో చేసిన వీడియో. గ్రూపులో దాన్ని పంపింది ఒక సీనియర్ మాస్టారు. చెప్పాలా వద్దా అని ఇంకా ఆలోచిస్తున్నాను.

వచ్చే జూన్ పుస్తకాలకు ఇప్పటికే ఆలస్యమైందేమో. ఆ తర్వాతి ఏడాదికైనా చిత్తుప్రతి తయారైతే నాకు పంపండి. మా 43 మంది మీద చెప్పి చూసి, ఎక్కడ పిల్లలు ఆవలించారో, ఎక్కడ ఎదురు ప్రశ్న వేశారో రాసి పంపుతాను. బడి చూడ్డానికి వస్తానంటే ఇంకా సంతోషం. వచ్చేటప్పుడు ఒక పాత దుప్పటి తెచ్చుకోండి, మాది చిరిగింది.

ఇట్లు,
ఒక ఎస్‌జీటీ